రిబ్బను చదవని కొడుకు

"పదకొండేళ్లుగా వీడి ముక్కులోకే చూస్తున్నారు. ఒక్కరైనా వీడి మొహం చూశారా? మా వాణ్ణి ఇలా చేసింది మీరే!"

టెల్లెర్వో అరుపు ఆరోగ్యకేంద్రం గది దాటి బయటి బెంచీల దాకా పోయింది. పక్క కుర్చీలో ఆమె తమ్ముడు తౌనో. యాభై ఏళ్ల మనిషి, భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననుకుంటూ కూర్చున్నాడు.

డాక్టరు మార్కెట్టా కంప్యూటరు మీంచి చేతులు తీసింది. "ఏమైందో చెప్పండి."

"శనివారం మా నాన్న అంత్యక్రియలు. శవపేటిక దగ్గర పూలచక్రం పెట్టి, దాని రిబ్బను మీది మాటలు పైకి చదవాలి కదా! వీడి వంతు రాగానే చక్రం నా చేతిలో కుక్కి కారులోకి పారిపోయాడు. తండ్రంటే గిట్టదేమోనని ఊరంతా గుసగుసలు."

తౌనో తలెత్తలేదు. ఆ శనివారం, మే నెల, చర్చి చుట్టూ బర్చ్ చెట్లు, గాలి నిండా తనకు పడని పుప్పొడి. రెండడుగులు వేశాడో లేదో ముక్కు ధార కట్టింది. తెల్ల రిబ్బను మీద, నాన్న పేరు మీద, ఒక చుక్క పడింది. అందరూ చూశారు. ఆ క్షణాన తనకు తండ్రి గుర్తు రాలేదు, ముక్కే గుర్తొచ్చింది. అసలు సిగ్గు అదీ.

"ముక్కు స్ప్రే మోతాదు పెంచుదాం," అంది డాక్టరు.

"అదిగో! మళ్లీ స్ప్రే!"

"నువ్వూ ఆపు, అక్కా," అన్నాడు తౌనో. "'తౌనో వచ్చాడు, బన్నుల మీద గొడుగు పట్టండి' అని అప్పట్లో మనింట్లో కాఫీ బల్ల దగ్గర అందరినీ నవ్వించింది ఎవరు?"

టెల్లెర్వో మెడ దాకా ఎర్రబడింది. "సరదాకి అన్నాన్రా..."

"నేనూ నవ్వాను. నవ్వి, మర్నాటి నుంచి పనిచోట కారులో కూర్చుని తింటున్నాను. ఏడేళ్లయింది."

తౌనో డాక్టరు వైపు తిరిగాడు. ముక్కు కారుతూనే ఉంది, తుడుచుకోలేదు.

"స్ప్రే రాయండి డాక్టరుగారూ, అది లేకపోతే నాకు నిద్ర పట్టదు. కానీ ఈ సిగ్గు దానికి లొంగడం లేదు. మా నాన్న సమాధి దగ్గరికి ఇంతవరకూ వెళ్లలేదు నేను. మందుతో పాటు సైకాలజిస్టునీ రాయండి. ఎప్పుడో ఆకులు రాలే కాలానికి కాదు, ఈ వారమే. నేనిక్కడే కూర్చుంటాను. మీరు ఇప్పుడే ఫోను చేయండి."