నాలుగో తరగతి గొంతు

మా తమ్ముడు హెఫిన్ వెల్ష్ క్లాసుల్లో రెండో తరగతికి వెళ్లాడని తెలిసిన రోజే నేనూ వెల్ష్ నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాను. భాష మీద ప్రేమ పొంగుకొచ్చి కాదు. ఆదివారం వాళ్లింట్లో భోజనానికి కూర్చుంటే, గొర్రెమాంసం నా పళ్లెంలో వడ్డిస్తూ వాడు వెల్ష్‌లో ఏదో అని, వాళ్లావిడ మెన్నా వైపు చూసి నవ్వాడు. వాడు హెడ్మాస్టరుగా రిటైరైనవాడు. నేను పదహారేళ్లకే బడి మానేసి రేకుల ఫ్యాక్టరీలో చేరినవాణ్ణి. వేల్స్‌లోని మా లోయలో తాతల నాడు అందరి నోటా వెల్షే. మా అమ్మానాన్నలు మాత్రం పిల్లలకి ఇంగ్లీషు చాలనుకున్నారు. సొంత భాష రాకపోవడంలోనైనా ఇద్దరం సమానమే కదా అనుకుంటే, అక్కడా వాడు నన్ను దాటిపోతున్నాడు.

మంగళవారం సాయంత్రాలు లైబ్రరీ మేడ మీద క్లాసులు. మొత్తం నాలుగు తరగతులు. ఎవరు ఎందులో కూర్చోవాలో తేల్చేది లూనెడ్ అనే టీచరు, ముప్పై దాటని పిల్ల. నా చేతికో కాగితం ఇచ్చింది.

"వచ్చినంత చదవండి డెల్విన్ గారూ. రాకపోతే సిగ్గేం లేదు."

నేను ముప్పై ఒక్కేళ్లుగా మా ఊరి మగవాళ్ల గానబృందంలో పాడుతున్నాను. అన్నీ వెల్ష్ కీర్తనలే. పాత మాస్టారు ఒక్కో అక్షరాన్నీ నెలల తరబడి మా చేత నూరించి పలికించాడు. అర్థం అడిగితే కచేరీ కాగితం వెనక ఇంగ్లీషులో ఉంది చూసుకోమనేవాడు. మా బృందంలో సగం మంది నా బాపతే. పైగా వెల్ష్‌ని రాసినట్టే పలకొచ్చు. దాంతో ఏముందో తెలియకుండానే ఆ కాగితాన్ని గంట మోగినట్టు చదివేశాను. చెత్తబండి ఏ వీధికి ఏ రోజు వస్తుందో చెప్పే నోటీసని తర్వాత తెలిసింది.

చదవడం అయ్యేసరికి లూనెడ్ కళ్లు చెమర్చాయి. "మా తాతయ్య మాట్లాడినట్టే ఉందండీ" అని, వెల్ష్‌లో ఏదో అడిగింది. నేను గంభీరంగా తల పంకించాను. ఆమె నా పేరు పక్కన నాలుగు అని రాసింది.

"నాలుగంటే?"

"పై తరగతండీ. అంతకు మించి మా దగ్గర లేదు."

బడిలో నన్నెప్పుడూ వెనక బెంచీలో, ఎలాగూ తప్పుతారని తేల్చేసిన వాళ్ల మధ్య కూర్చోబెట్టేవాళ్లు. నా పేరు పక్కన పై తరగతి అని రాసినవాళ్లు పుట్టాక ఆ పిల్లే. పొరపాటమ్మా అనాల్సింది. అనలేదు. ఆదివారం నాడు హెఫిన్‌తో మాత్రం నాది నాలుగని మర్చిపోకుండా చెప్పాను.

"నాలుగా? నువ్వా అన్నయ్యా?"

"నేనే. నీది రెండు కదూ? పర్లేదులే, నిదానంగా పైకొస్తావు."

వాడి చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. ఆ రోజు భోజనం నాకు బాగా ఒంటబట్టింది.

నాలుగో తరగతిలో ఎనిమిది మంది. గలగలా మాట్లాడేసుకునేవాళ్లు. నాకు అర్థం తెలిసిన వెల్ష్ ముక్కలు ఓ పదుంటాయి. ఎడారి, దాహం, నది, గొర్రెపిల్ల, పాపం, పరలోకం, అలాంటి కీర్తనల మాటలు. వారాంతం ఏం చేశారని కాబోలు అడిగితే, "ఎడారిలో ఉన్నాను, దాహంతో" అన్నాను. క్లాసంతా పగలబడి నవ్వింది. మరోసారి ఏదో అడిగితే గుడ్డిగా "గొర్రెపిల్ల" అన్నాను. అడిగింది ఆదివారం ఏం తిన్నారనేనట. అలా పది వారాలు గడిచాయి. మితభాషి అనీ చమత్కారి అనీ పేరు కూడా వచ్చింది.

క్రిస్మస్ ముందు చర్చి వెనక గదిలో అన్ని తరగతుల వాళ్లకీ టీ, వెల్ష్ కేకులు పెట్టారు. రెండో తరగతి వాళ్లు ఒక్కొక్కరే లేచి సొంతంగా రాసుకున్న మాటలు చెప్పాలి, నాలుగో తరగతి వాళ్లు బదులివ్వాలి. అన్నదమ్ములు కదా, ముచ్చటగా ఉంటుందని లూనెడ్ మా ఇద్దర్నీ జత కలిపింది.

హెఫిన్ లేచాడు. ఆరొందల మంది పిల్లల్ని గదమాయించిన మనిషి, చిన్నపిల్లాడిలా కాగితం మీద వేలు పెట్టుకున్నాడు. నత్తనడకన ఒక్కో మాటా చదివాడు. మధ్యలో నా పేరు వినబడింది. ఎవరో ముక్కు చీదుకున్నారు. లూనెడ్ నా వైపు చూసి తలాడించింది.

నేను లేచి, ఉన్న గొంతంతా పెట్టి, "ఎడారిలో ఉన్నాను, దాహంతో" అన్నాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు. హెఫిన్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కోటు తగిలించుకుని, టీ ముట్టకుండా వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం మెన్నా ఫోన్ చేసింది. "ఈ వారం భోజనం లేదు బావగారూ, ఆయనకి ఒంట్లో బాలేదు." పై ఆదివారమూ అదే మాట. రెండు ఆదివారాలు డబ్బాలో సూపు వేడిచేసుకు తాగాను. వాడేమన్నాడో ఎవరినైనా అడగొచ్చు. అడిగితే నాకేమీ రాదని ఊరంతా తెలుస్తుంది. పై తరగతిలో నా కుర్చీ పోతుంది. అడక్కపోతే తమ్ముడు దూరమయ్యేలా ఉన్నాడు.

మంగళవారం అరగంట ముందే మేడెక్కాను.

"అమ్మా, ఆ రోజు మా తమ్ముడు ఏమన్నాడు?"

"మీరు విన్నారుగా!"

"విన్నాను. అర్థం కాలేదు. ఆ రోజే కాదు, మొదట్నుంచీ."

"మరి ఆ చెత్తబండి నోటీసు?"

"చదివాను. అంతే."

లూనెడ్ నవ్వబోయి ఆగింది. తర్వాత మెల్లగా చెప్పింది. "నాన్నకి జబ్బు చేసింది. మా అన్న డెల్విన్ పదిహేడేళ్లకి బడి మానేశాడు. అన్న పనికి వెళ్లాడు, నేను బడికి వెళ్లాను. అన్నకి నేనెప్పుడూ థాంక్స్ చెప్పలేదు. ఇవాళ చెప్తున్నాను. అదండీ ఆయన అన్నది. దానికి మీరు లేచి..."

"చాలు తల్లీ. ఆ పైన నాకు తెలుసు. ఆ నాలుగు కొట్టేసి ఒకటి అని రాసెయ్యి."

అటు నుంచి అటే హెఫిన్ ఇంటికెళ్లాను. తలుపు వాడే తీశాడు.

"పదిహేడు కాదు, పదహారు" అన్నాను గుమ్మంలోనే. "నిండి మూడు వారాలు."

"ఇన్నాళ్లకా చెప్పేది?"

"ఇప్పుడే తెలిసింది. ఆ రోజు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదురా."

"నాలుగో తరగతిలో ఉండి?"

"ఇవాళ్టి నుంచి ఒకటో తరగతి."

వాడు గుమ్మం పట్టుకుని నవ్వాడు. "మెన్నా! ఇలా రా, అన్నయ్య చెప్పేది విను!" అని కేకేసి మళ్లీ నవ్వాడు. నవ్వనిచ్చాను. నాకు జరగాల్సిన శాస్తే.

వంటింట్లో కూర్చున్నాక అడిగాను. "యాభై ఏళ్లలో ఆ ముక్క ఇంగ్లీషులో అనలేకపోయావురా?"

"ఇంగ్లీషులో నా దగ్గర మాటలెక్కువ అన్నయ్యా. ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడికో తీసుకుపోతాను. వెల్ష్‌లో ఉన్నవి రెండొందలు. సూటిగా పోక తప్పదు."

నేను కప్పు ముందుకి జరిపాను.

వాడు టీ కూజా పైకెత్తి పట్టుకున్నాడు. "వెల్ష్‌లో అడుగు, పోస్తాను."

"నాకే పాఠం చెప్తావా?"

"అడుగు."

ఎలా అడగాలో వాడు చెప్పాడు. నేను అడిగాను. దయచేసి అనే మాట మింగేశావు, మళ్లీ అన్నాడు. హెడ్మాస్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది? మళ్లీ అడిగాను. ఈలోగా టీ దిగి తారులా నల్లబడింది. పోశాడు. తాగాను.