తొవ్వకు అడ్డంబడ్డ ముగ్గు

సద్దుల బతుకమ్మ నాడు పొద్దుగాలనే ఎల్లవ్వ వాకిట్ల పేడనీళ్ల సాన్పి జల్లింది. కోడలు స్వప్న అరుగులకు జాజు పూసింది. పూసినంక ఎల్లవ్వ వంగి, మూలకు వేలుబెట్టి, "గీడ మట్టి నవ్వుతున్నది. మళ్ల పూయి" అన్నది.

"నీళ్లకుండల గడంచె ఎనుక ఎవలకు కనబడుతది అత్తమ్మా?"

"నాకు కనబడుతది."

తెలంగాణ కోసం సకలం బందువెట్టిన ఏడు అది. బస్సులు నడుస్తలేవు. సిరిసిల్లల మగ్గం మీద పనిజేసే కొడుకు ఇంట్లనే కూసున్నడు. అయినా వాడకట్టు ఆడోళ్లందరు బతుకమ్మలు పట్టుకొని ముందుగాల ఎల్లవ్వ వాకిట్లకే రావాలె, ఆడినంక అందరు కలిసి సడక్ మీదికి పోయి బండ్లకు అడ్డం కూసోవాలె అని మాట అనుకున్నరు. రంగులు కొన్నది లేదు, కొనేది లేదు. "కొనుక్కచ్చిన సింగారం కొన్నట్టే ఉంటది" అని ఎల్లవ్వ గునుగు పువ్వు దండగుచ్చి దర్వాజకు కట్టింది. చిరిగిన పట్టంచు చీరెను తెరజేసింది. పగిలిన కుండకు సున్నం చుక్కలువెట్టి బంతిపూలు నింపింది.

మిగిలింది ముగ్గు.

ఎల్లవ్వ ముగ్గు వేసినకాడ ఉండదని చందుర్తి ఊర్లె అందరికి ఎరుకే. బాలింత ఉన్న ఇంటికో, పెండ్లి కుదిరిన ఇంటికో లేచిపోతది. ఆ ఇంటోళ్లు దోసెడు పిండి తెచ్చి ఎల్లవ్వకు ఇచ్చిపోతరు. పండుగ నాడు మాత్రం ఆమె "కదిలితే చూడు" అని కసిరితే, చెప్పినట్టు ఉండేది.

ఈసారి కసిరినా ఇనలే. ఎల్లవ్వ ముగ్గేసి, చేతులు కడుక్కొని వచ్చేసరికి వాకిలి ఒట్టిగున్నది.

"అత్తమ్మా, ముగ్గు చిన్నత్త ఇంటికి పోయింది" అన్నది స్వప్న.

గల్లి అవతలి ఇల్లు నర్సవ్వది. నర్సవ్వ ఎల్లవ్వకు సొంత చెల్లె. ఎన్నడో ఒక సద్దుల నాడు నలుగురి ముందట, "మా అక్క పేర్చిన బతుకమ్మ ఒకదిక్కు ఒరిగింది" అన్నది. ఒరగలేదని ఎల్లవ్వ ఇప్పటికీ ఒట్టువెడతది. అప్పటిసంది ఇద్దరికి మాటల్లేవు, పండుగ పలారం సద్దులు ఇచ్చుడు పుచ్చుకునుడు లేదు. మొగడు పోయి ఒక్కతే ఉంటున్న నర్సవ్వ ఇయ్యాల ఇంటికి తాళమేసి, భివండిల మగ్గాలు నడిపే కొడుకు వేణు దగ్గరికి పోతున్నది. పోతే ఇగ రాదు. "అక్క పిలువని పండుగకు ఊరెందుకు" అన్నదట. ఆ మాట ఎల్లవ్వ చెవుల పడ్డది. పడ్డా పిలువలే. తప్పు తనది కాదాయె.

"మళ్ల ఏస్త" అని ఏసింది. అది గూడ లేచిపోయి మొదటిదాని పక్కకు చేరింది. గిన్నెల పిండి అడుగంటింది.

అప్పుడే మొండయ్య ఆటో వచ్చి ఆగింది. "నర్సవ్వా, జల్ది రా. ఆడోళ్లు సడక్ మీద కూసున్నరంటే సిరిసిల్ల చేరం."

నర్సవ్వ పెట్టె పట్టుకొని కడపల నిలబడ్డది. కడప కాడికెల్లి గల్లి దాక ముగ్గే. పండుగ ముగ్గును పొద్దుగూకక ముందు తొక్కరు, దాటరు.

"మొండయ్యా, ఎవల ముగ్గును వాళ్లను ఎత్తుకపొమ్మను."

"మొండయ్యా, అది నేను పంపితే పోలేదని చెప్పు" అన్నది ఇవతలికెల్లి ఎల్లవ్వ.

"నేనేమన్న మైకునా?" అన్నడు మొండయ్య.

ఎల్లవ్వ చీపురు పట్టుకొని గల్లి దాటింది. తుడిస్తే చెల్లె ఆటో ఎక్కుతది. తుడువకుంటే, ఎల్లవ్వనే బతిమాలి ఆపిందంటరు. చీపురు ఆనిచ్చింది. అప్పుడు కనబడ్డది, రెండు ముగ్గులు కలిసినకాడ ఒక రేకు అతుకలేదు. గట్ల సగం ఉన్నదాన్ని తుడుసుడు ఆమెతోని కాలే. చీపురు పక్కకువెట్టి కూసున్నది.

"పిండి లేదు" అన్నది, తల ఎత్తకుంట.

నర్సవ్వ పెట్టె దించింది. లోపలికి పోయి బియ్యప్పిండి తెచ్చి, కడపల కూసొని తనే గీత పోసింది.

"చెయ్యి గట్ల వంచితే గీత లావైతది."

"నీకు ఎవల చెయ్యి నచ్చింది అక్కా?"

"అమ్మ చెయ్యి."

"అమ్మ చెయ్యి నాకే వచ్చిందంటరు అందరు."

"అనేటోళ్లకు కండ్లు లేవు" అని ఎల్లవ్వ చెల్లె మణికట్టు పట్టి సక్కగ జేసింది.

రేకు అతికింది. అతికినంక ముగ్గు ఆగలే. తీగ పాకినట్టు గల్లికి అడ్డంగ పోయి ఎల్లవ్వ వాకిలెక్కింది. రెండిండ్లు ఒక్క ముగ్గుల పడ్డయి. ఆటో ముందటి టైరు కాడికి ఒక చుక్క వచ్చి కూసున్నది.

మొండయ్య బండి ఎనుకకు తీసిండు. "దీని మీదికెల్లి నేను తోల. ఇంటికి పోయి రొట్టె-బెల్లం మలీద తింట."

పొద్దుగూకినంక ఆడోళ్లు ఆ ముగ్గు నడుమనే బతుకమ్మలు దించిన్రు. గల్లి పొడుగూత పాట లేచింది. ఎవలి ఇంటి సింగారం ఏదో ఎవలూ అడుగలే. ఎల్లవ్వ సద్దులు పంచుకుంట పంచుకుంట నర్సవ్వ ముంగటికి వచ్చింది, దోసిట్ల వెట్టింది. "నువ్వులు కొంచెం మాడినయి, నాకెరుకే. నువ్వు చెప్పకు" అన్నది.

అందరు సడక్ మీదికి నడిచిన్రు, చెల్లె గూడ నడిచింది.

తెల్లారి ముగ్గు చెరుగలే. దసరా పోయినా చెరుగలే. వానొచ్చినా తడిసి ఇంకింత తెల్లగైంది. ఆటో మళ్ల ఆ గల్లిలకు రాలే. ఒకనాడు భివండికెల్లి ఫోనొచ్చింది.

"ఇంకా బయలెల్లలేదేందే అవ్వా?"

"తొవ్వ బందైంది కొడుకా" అన్నది నర్సవ్వ, పొయ్యిల కట్టె ఎగదోసుకుంట.

"ఇంకా బందేనా! ఎవలు కూసున్నరు అడ్డం?"

"మీ పెద్దమ్మ."