మర్యాద జబ్బు

“తగ్గిపోయినట్టేనండీ మేడమ్. ఎంత మర్యాదగా మాట్లాడుతున్నారో చూడండి సారు,” అంది నర్సు గ్రేసీ.

నాకు ఒళ్లు మండింది. మా ఆయన ప్రేమదాసు చిల్లకల్లులో మిరప పండించే మనిషి. నేను జగ్గయ్యపేట హైస్కూల్లో సైన్సు టీచర్నైతే ఆయనకేం? పెళ్లయిన ఇరవై రెండేళ్లలో “ఏమే”, “ఇటు తగలడు” తప్ప ఇంకో పిలుపు ఎరగను. అలాంటిది మెదడుకు వైరస్ సోకి, మూడు వారాలు ఇంజెక్షన్లు చేయించుకుని, జ్వరం పూర్తిగా పోయాక, మంచినీళ్లు అందిస్తే “థాంక్సండీ, మీకు శ్రమ” అంటున్నారు.

నందిగామ ఆసుపత్రిలో ఆ రోజే డిశ్చార్జి. సంతకం పెట్టనని భీష్మించుకు కూర్చున్నాను. డాక్టరు రుబీనా వచ్చింది.

“తింటున్నారు, నడుస్తున్నారు. ఇంకేంటమ్మా ఇబ్బంది?”

“నన్ను అండీ అంటున్నారండి.”

గ్రేసీ కిసుక్కున నవ్వింది. డాక్టరు నవ్వలేదు. మంచం దగ్గరికెళ్లి, “ఈవిడెవరండీ?” అని ఆయన్ని అడిగింది.

ఆయన నన్ను తేరిపార చూశారు. “ఎవరో టీచరుగారండి. మంచావిడ. పాపం, వాళ్లింటికి పంపించండి.”

డాక్టరు డిశ్చార్జి కాగితం వెనక్కి తీసుకుంది.

వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు హైదరాబాదు పంపారు. ఫలితం వచ్చాక డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

“వైరస్ చచ్చిందమ్మా. కానీ దాని ఒంటి మీదుండే ముక్కకీ, మెదడు కణాల మీదుండే ఒక ప్రొటీన్‌కీ పోలిక ఉండొచ్చు. వైరస్ మీదకి ఒళ్లు తయారుచేసిన సైన్యం, ఆ పోలిక చూసి ఇప్పుడు సొంత మెదడు మీద పడింది. ఇలాగే జరిగిందని గట్టిగా చెప్పలేం, మా అంచనా ఇది.”

మా ఎనిమిదో తరగతిలో కవలలున్నారు. అల్లరి ఒకడిది, తన్నులు ఇంకొకడికి. కొట్టిందీ నేనే.

“కంచే చేను మేసిందన్నమాట. నన్ను మళ్లీ గుర్తుపడతారా?”

“చాలామంది కోలుకుంటారు. అందరూ అని చెప్పలేను.”

స్టెరాయిడ్లు ఎక్కించారు. రక్తంలో ప్లాస్మా మార్చారు. రోజూ ఆ “అండీ” విని వరండాలోకెళ్లి ఏడ్చేదాన్ని.

పదకొండో రోజు మధ్యాహ్నం కాకరకాయ కూర కలిపి ముద్ద నోటికి అందించాను. ఆయన నమిలి, మొహం చిట్లించారు.

“ఏంటే ఇది? చేదు తియ్యకుండా వండి నా మొహాన కొడతావా? బుద్ధుందా నీకు?”

వార్డంతా ఇటు తిరిగింది. “సార్‌కి మళ్లీ ఎక్కువైనట్టుందండీ!” అంటూ గ్రేసీ పరుగెత్తుకొచ్చింది.

చేతిలో కంచం పక్కన పెట్టేశాను. మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం నా జన్మలో అదే మొదలు.

“ఒరేయ్ ప్రేమదాసూ, ఇంకోసారి తిట్టరా నన్ను!”