గాజుపలక కింది చీటీ

లారీలు తూచే కాటా దగ్గర పనిలో చేరి నాకు ఇరవై ఆరేళ్లు. నేలమట్టానికి పరిచిన పెద్ద ఇనుప పలక, దాన్ని ఆనుకుని ఒక గది, గదిలో నేను, నా ముందు ఎర్ర అంకెలు వెలిగే పెట్టె. లారీ సరుకుతో పలకెక్కుతుంది, ఒక అంకె. సరుకు దించి ఖాళీగా తిరిగొస్తుంది, ఇంకో అంకె. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే సరుకు బరువు. ఈ రెండు తూకాల మధ్య చీటీ సగమే నిండి ఉంటుంది. అలాంటి సగం చీటీల్ని నా బల్ల మీది గాజుపలక కింద పెడతాను. బండి తిరిగి రావాలి, అప్పుడే చీటీ పూర్తవుతుంది.

ఇంకో సంగతి. పది కిలోల లోపు ఏదీ మా కాటాకి కనిపించదు, అంకె మారితే పదేసి కిలోలే మారుతుంది. పిల్లి నడిచి వెళ్లినా సున్నా సున్నాగానే ఉంటుంది.

పెళ్లయిన రెండో ఏడు, ఒక మధ్యాహ్నం మా ఆవిడ క్యారియర్ పట్టుకొచ్చింది. లారీలేవీ లేవు. తను పలక మీదికి నడిచి, మనల్నీ తూచండి అంది. నేను వెళ్లి పక్కన నిలబడి, కిటికీలోంచి చెయ్యి పెట్టి చీటీ అచ్చయ్యే బటన్ నొక్కాను. నూట ఇరవై. నీ బరువెంత అని అడిగితే యాభై అంది. చీటీలో కింద ఖాళీగా ఉన్న రెండు గీతల మీద తనకి యాభై, నాకు డెబ్భై అని పెన్నుతో రాశాను. అది చూసి తను ఫక్కున నవ్వింది. ఎందుకని అడగలేదు. ఆ చీటీ సొరుగులో పడి ఉండిపోయింది.

తర్వాతి పందొమ్మిదేళ్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, తను వెళ్లిపోయిందీ అందుకే అనుకుంటాను. మేం పోట్లాడుకోలేదు. సాయంత్రం ఇంటికెళ్లి ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నాననేది. నేను బూట్లు విప్పుకునేవాణ్ణి. అమ్మాయి చదువుకని వేరే ఊరు వెళ్లిన ఏడాదికి, తను ఊరికి ఆ చివర ఒక బడి ఆఫీసులో పని చూసుకుంది, దగ్గర్లోనే గది తీసుకుంది. బట్టల పెట్టె గుమ్మంలో పెట్టాక ఒక్కమాట అంది.

"పది కిలోల లోపు మీకేదీ కనిపించదు. మీ కాటాలాగే."

అప్పటికి అది ఎత్తిపొడుపనుకున్నాను. చాలా రోజులకి గానీ, తను కోపంతో అనలేదనీ, కొలిచి చెప్పిందనీ తట్టలేదు.

ఆ తర్వాత నేను తిన్నాను. ఇంతకంటే మర్యాదగా చెప్పలేను. కాటా ఎదురుగా బేకరీ ఉంది. సాయంత్రం అలవాటు కొద్దీ ఇద్దరికీ కట్టించుకుని, ఇంటికెళ్లి మొదట నాది తినేవాణ్ణి. తనది కాసేపు బల్ల మీద ఉండేది. పారెయ్యడానికి చెయ్యాడేది కాదు. అదీ తినేసేవాణ్ణి. నాలుగేళ్లు అలా గడిచాయి. డ్రైవర్లు నాకు 'ఫుల్ లోడ్ సార్' అని పేరు పెట్టారు. నేను కుర్చీలోంచి లేస్తుంటే, సార్ కదులుతున్నారు, బళ్లు పక్కకి తియ్యండ్రా అని ఒకడు కేకేసేవాడు. నేనూ నవ్వేవాణ్ణి.

ఒక ఉదయం ఎవరూ రాకముందు పలకెక్కి కిటికీలోంచి చూశాను. నూట ఇరవై.

అదే అంకె. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ అంకె చూసి నాకు భయం వెయ్యలేదు, ఊరట కలిగింది. ఇద్దరం కలిసి ఎంతున్నామో నేనొక్కణ్ణే అంత అయ్యాను. తన యాభై ఎక్కడికీ పోలేదు, నా ఒంటి మీదే ఉంది. మెట్లెక్కుతూ ఆయాసపడినప్పుడల్లా, మోస్తున్నాను కదా, ఆయాసం రాదా మరి అనుకునేవాణ్ణి. మనసు ఎంత తెలివైనదంటే, తిండిపోతుతనానికి కూడా అది విరహం అని పేరు పెట్టగలదు.

అమ్మాయి సెలవుకి వచ్చి నన్ను చూసి బ్యాగు కింద పెట్టకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది. మర్నాడు క్లినిక్కుకి లాక్కెళ్లింది. డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చింది: పొద్దున రెండు ఉడికించిన గుడ్లు, మధ్యాహ్నం కూరగాయలు, రాత్రి ఏడు దాటితే మంచినీళ్లు. బేకరీ సరుకూ అరటిపండూ కొట్టేసి ఉన్నాయి. అమ్మాయి దాన్ని బీరువా తలుపుకి అంటించింది. నేను తలూపాను. అమ్మాయి బస్సెక్కగానే చింపేద్దామనే ఉంది. తగ్గడమంటే నాకు ఒక్కటే అర్థం, మా ఆవిడ వంతు పోగొట్టుకోవడం.

బస్టాండులో అమ్మాయి మామూలుగా అన్నట్టు ఒకమాట అంది. "అమ్మ రోజూ పరిగెడుతోంది నాన్నా. వచ్చే ఏడు చివర్లో పది కిలోమీటర్ల పరుగుందట, పేరిస్తానంటోంది."

ఆ రాత్రి కాగితం చింపలేదు. దాని ముందు నిలబడి లెక్క వేసుకున్నాను. నూట ఇరవైలోంచి యాభై తీసేస్తే డెబ్భై. నేను డెబ్భైకి వస్తే, పక్కన తన చోటు ఖాళీ అవుతుంది. ఖాళీ ఉంటేనే కదా ఎవరైనా వచ్చి నిలబడేది. ఇన్నాళ్లూ ఆ చోటు కూడా నేనే ఆక్రమించుకుని కూర్చున్నాను. పరుగు రోజున తను చూసేది చీటీలో ఉన్న మనిషినే కావాలి.

పొద్దున్నే కాటా బయట వరసకట్టిన లారీల పక్కన పరుగు మొదలుపెట్టాను. దూరాన్ని లారీల్లోనే లెక్కపెట్టాను. మొదటి రోజు నాలుగు లారీలు. అయిదోదాని చక్రం పట్టుకుని వంగిపోతే, పైనుంచి డ్రైవరు, పంక్చరా సార్ అని అడిగాడు. నెల తిరిగేసరికి పదిహేను లారీలు. తర్వాత వరస చాలక రోడ్డు మీదికెళ్లాను. ఆకలి సంగతి ఏం చెప్పను. సాయంత్రం ఏడింటికి బేకరీ వాసన గదిలోకొచ్చి ఎదురు కుర్చీలో చుట్టంలా కూర్చునేది. దాన్ని పలకరించకుండా తల వంచుకుని చీటీలు సర్దేవాణ్ణి. చాలా రాత్రులు నాకు తిండి మీద ఆకలి లేదని కూడా తెలిసింది. ఎవరైనా తిన్నారా అని అడిగితే బాగుండుననిపించేది, అంతే.

క్లినిక్కులో నూరు గ్రాముల తేడా కూడా చెప్పే మిషనుంది. నాకు మా కాటాయే కావాలి. అది వారాల తరబడి కదిలేది కాదు. ఎంత పరిగెత్తినా నూట పది, నూట పది. ఒక ఉదయం ఉన్నట్టుండి వంద. తగ్గిన ప్రతి పది కిలోలకీ ఒక పూట దిగులుగా తిరిగేవాణ్ణి. డ్రైవర్లు పేరు మార్చారు. ఇప్పుడు నేను 'ఖాళీ బండి'.

ఖాళీ బండంటే గుర్తొచ్చింది. కొందరు డ్రైవర్లు ఖాళీ బండి మళ్లీ తూచడానికి బద్ధకించి, మొన్నే కదా సార్ చూశారు, అదే వేసుకోండి అంటారు. నేను వెయ్యను. నోటి మాట బరువు చీటీ ఎక్కకూడదన్నది మా పనిలో మొదటి పాఠం. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదని గర్వంగా చెప్పుకునేవాణ్ణి.

ఏడాదిన్నరకి కాటా డెబ్భై చూపించింది. పరుగుకి ఇంకా పది రోజులుంది. నేనూ పేరిచ్చిన సంగతి అమ్మకి చెప్పొద్దని అమ్మాయితో ఒట్టు వేయించుకున్నాను.

ఆ ఆదివారం రోడ్డంతా మూసేశారు. వందల మంది. ఆరో కిలోమీటరు దగ్గర తను కనిపించింది, నాకు ముప్ఫై అడుగుల ముందు. ముఖం కనిపించలేదు, ఎడమ మోచెయ్యి చూసి పోల్చుకున్నాను. నడుస్తున్నా సరే, ఎవరినో పక్కకి జరగమంటున్నట్టు ఆ మోచెయ్యి బయటికి వస్తుంది. ఇన్నేళ్లూ గుర్తుంచుకున్నానని నాకే తెలీదు.

కొంచెం వేగం పెంచితే పక్కకి చేరిపోయేవాణ్ణి. పెంచలేదు. నాలుగు కిలోమీటర్లు ఆ ముప్ఫై అడుగులూ అలాగే ఉంచుకుని పరిగెత్తాను. తన చెప్పుల చప్పుడు వంటింట్లోంచి వినబడినంత కాలం అది చప్పుడనే అనుకోలేదు. ఇప్పుడు వందల అడుగుల చప్పుళ్లలో తనది విడిగా వినాలని చెవులు రిక్కించాను. వినబడలేదు. మెడ మీద చెమటకి జుట్టు అంటుకుపోయి ఉంది. దాన్ని చూస్తూ పరిగెత్తిన ఆ కాసేపూ, గమ్యం రాకపోతే బాగుండునని నిజంగా కోరుకున్నాను.

వచ్చింది. నీళ్ల సీసాలు పెట్టిన బల్ల దగ్గర తను వెనక్కి తిరిగి చూసింది. పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. అప్పుడు ముఖంలోకి వచ్చినదాని కోసమే నేను ఏడాదిన్నర ఆకలితో పడుకున్నాను. కానీ అది మెచ్చుకోలు కాదు, కంగారు.

"అయ్యో, ఇలా చిక్కిపోయారేంటి? ఒంట్లో బాగుండట్లేదా?"

అవునని చెబుదామనిపించింది. నాలిక చివర దాకా వచ్చింది. అవునంటే సాయంత్రానికి మందుల చీటీలు అడుగుతుంది, వారానికోసారైనా వస్తుంది. ఆ కంగారుని కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను.

"లేదు, బాగానే ఉన్నాను," అన్నాను. అనగానే ఆ మాట ఎవరిదో గుర్తొచ్చింది. అందుకే పూర్తి చేశాను. "కావాలనే తగ్గాను. ఆ రోజు మనం తూచుకున్నామే, అప్పుడున్నంతకి. డెబ్భై."

"డెబ్భై ఎవరు చెప్పారు?"

"చీటీ ఉంది కదా. నువ్వు యాభై."

తను నీళ్ల సీసా మూత బిగిస్తూ నవ్వడం మొదలుపెట్టింది. ఆనాటి నవ్వే, ఇరవై నాలుగేళ్లు ఆలస్యంగా అర్థమైంది. "నేనెక్కడి యాభై? నలభై రెండు. చిక్కిపోయానని మా అమ్మ గోల పెడుతుందని అందరికీ అలా చెప్పేదాన్ని. మీకూ చెప్పాను."

"చెబితే..."

"రాసేసుకున్నారు. నన్ను ఒక్కదాన్నీ నిలబెట్టి చూస్తారేమో, దొరికిపోతాననుకున్నాను. చూడలేదు."

నవ్వు తగ్గింది. దొరికిపోయి ఉంటే తనకి బాగుండేదని నాకు అప్పుడర్థమైంది. యాభై ఒక్కటే కాదు. పందొమ్మిదేళ్ల 'బాగానే ఉన్నాను'లన్నీ నేను అలాగే రాసుకున్నాను, ఒక్కసారీ తూచలేదు.

తను బల్ల మీంచి ఒక అరటిపండు తీసి, ఒలిచి, రెండుగా తుంచి, పెద్ద ముక్క నాకిచ్చింది. డాక్టరమ్మ కాగితంలో అరటిపండు కొట్టేసి ఉందని నేను చెప్పలేదు. తినేదాకా చూసింది. బడివాళ్ల వ్యాను ఎదురుచూస్తోంది, వెళ్లాలంది. రెండడుగులు వేసి ఆగింది.

"ఎనభై బాగుండేది మీకు," అని వెళ్లిపోయింది.

తిరిగి తూచుకుందాం రమ్మని అడగలేదు. అడగాల్సింది వ్యాను మలుపు తిరిగాక గుర్తొచ్చింది. నా పద్ధతే అంత.

మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లాను. సొరుగులోంచి చీటీ తీశాను. నూట ఇరవై అచ్చు కాస్త వెలిసింది గానీ, నా పెన్ను రాతలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. యాభైనీ డెబ్భైనీ బ్లేడుతో మెల్లగా గీకేశాను. కాగితం అక్కడ పల్చబడింది, చిరగలేదు. కింది రెండు గీతలూ మళ్లీ ఖాళీ అయ్యాయి.

కిటికీ బయట లారీ హారన్ కొడుతోంది. చీటీని గాజుపలక కింద, తిరిగి రావాల్సిన బళ్ల చీటీల పక్కన పెట్టి, లారీని పలకెక్కించమని చెయ్యి ఊపాను.