అరగంట తలుపు

తలుపులు తగలబెట్టడం నా ఉద్యోగం. మా పరీక్షశాలలో కొలిమి మూతికి తలుపు బిగించి, అవతల మంట పెట్టి, అది ఇవతలికి ఎంతసేపటికి వస్తుందో చూస్తాం. తమ్ముడు ఇల్లు కట్టుకునేటప్పుడు వాడి ప్రాణం తీసి మరీ, వంటింటికి అరగంట మంటని ఆపే తలుపు పెట్టించాను.

దానికి మూసుకోగానే పడే గడియ ఉంటుంది, దానంతటదే మూసుకోడానికి ఓ స్ప్రింగు ఉంటుంది. మహా గట్టిది. మోకాళ్ల నొప్పులతో దాన్ని తోయలేక అమ్మ రోజూ నన్నే తిట్టేది. ఈసారి వెళ్లి చూద్దును కదా, స్ప్రింగూ లేదు, గడియా లేదు.

డాబా మీద తమ్ముడితో బట్టలు ఆరేస్తూ వాణ్ని నిలదీశాను.

"అమ్మ చేతిలో గిన్నెలుంటాయి కదక్కా. ఇప్పుడు కాలితో తోస్తే చాలు."

"మూసుకోని తలుపు మంటని ఆపుతుందట్రా?"

"చెక్క అదేగా! అరగంట అని రాసున్న రేటింగు బిళ్ల కూడా అలాగే ఉంది."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకో మాట అనబోతుండగానే కింద వంటింటి కిటికీలోంచి నల్లటి పొగ లేచింది.

మెట్లు ఎలా దిగామో తెలీదు. వీధి గుమ్మం నుంచి చివరి గదిదాకా సన్నటి నడవా. వంటింటి తలుపు అందులోకే తెరుచుకుంటుంది. చివరి గదిలో తమ్ముడి కూతురు నిద్రపోతోంది.

అమ్మ నడవాలో నేల మీద కూర్చుని ఉంది. వీపు తలుపుకి ఆనించి, పాదాలు ఎదుటి గోడకి తన్నిపెట్టింది.

"నూనె అంటుకుంది. మూస్తే మళ్లీ తెరుచుకుంటోంది. ముందు పాపని తియ్యండి!"

తమ్ముడు అమ్మ కాళ్లు దాటుకుని చివరి గదిలోకి పరిగెత్తాడు. గడియ లేని తలుపుని వేడిగాలి ఎలా తోసేస్తుందో కొలిమి దగ్గర ఎన్నోసార్లు చూశాను. తలుపు పైభాగం మీద అరచేతులు ఆనించి నొక్కాను. చెక్క వెచ్చబడుతోంది. పై సందులోంచి పొగ దిగుతోంది.

"లేచి పో అమ్మా, నేను పట్టుకుంటా."

"నువ్వు పట్టుకుంటే నన్ను లేపేదెవరే?"

నిజమే. ఆవిడ తనంతట తను లేవలేదు. నాకు ఏడుపొచ్చింది.

తమ్ముడు పాపని భుజాన వేసుకుని మళ్లీ అమ్మ కాళ్ల మీదుగా దూసుకుపోయాడు. బయట పొరుగావిడ చేతుల్లో పెట్టి వెనక్కొచ్చాడు. దగ్గుతూ అమ్మ చంకల కింద చేతులు వేసి లేపాడు. ఆవిడ వీపు పక్కకి తప్పుకోగానే బరువంతా నా చేతుల మీద పడింది. వాళ్లు గుమ్మం దాటేదాకా నొక్కిపట్టి, వదిలేసి పరిగెత్తాను. నా వెనకే తలుపు దడాలున తెరుచుకుని నడవా అంతా ఎర్రబడింది.

అందరం బతికాం. వంటిల్లూ, నడవా మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. కొత్త తలుపుకి స్ప్రింగు తమ్ముడే దగ్గరుండి బిగించాడు. అమ్మ ఇప్పటికీ రెండు చేతులతో దాన్ని తోస్తూ నన్ను తిడుతుంది. ఎవరైనా సాయానికి వెళ్తే కసురుతుంది. ఇవతలికి వచ్చాక మాత్రం, వెనక గడియ పడ్డ చప్పుడు వినేదాకా అక్కణ్నుంచి కదలదు.