మా బావ కోసం ప్రార్థించండి

ఉద్దానంలో పుట్టి, ఇసుకలో పొర్లి పెరిగినవాడు, ఇసుక ముందు ఎలా కూర్చోవాలో ఫోనులో జపాను వాళ్ళని చూసి నేర్చుకున్నాడంటే ఎవరికైనా నవ్వొస్తుంది. లిల్లీకి వచ్చింది. "ఇసక కావాలంటే మా జలంత్రకోట తోటకెళ్ళి కూకోండి. కాశీబుగ్గలో ఇంటెనకాల పోయించుకుంటారేటి?" అంది మొగుడితో. గట్టిగా ఏదైనా అనుకున్నాడంటే నోరు విప్పకపోవడం జీవరత్నం పద్ధతి.

అతను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో మేస్త్రీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పప్పు ఏరించడమే పని. గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు, ముక్క ఒకవైపు. ఇంటికొచ్చి కళ్ళు మూసుకున్నా వేళ్ళు ఏరుతూనే ఉంటాయి. బీపీ ఎక్కువగా ఉంది, రోజూ కాసేపు ఊరికే కూర్చోవడం అలవాటు చేసుకో అన్నాడు డాక్టరు. ఊరికే కూర్చోవడమంటే మన వైపు నలుగురిని పోగేసుకుని ఐదోవాడి గురించి మాట్లాడుకోవడం. జీవరత్నానికి అది చేతకాదు. అలాంటప్పుడు ఫోనులో ఆ జపాను తోట కనపడింది. చెట్టు లేదు, పువ్వు లేదు, దువ్విన ఇసుకా మూడు రాళ్ళూ తప్ప ఇంకేమీ లేదు. అందులో ఏరడానికేమీ లేదని అతనికి నచ్చింది.

తోట చేసింది అతనొక్కడే కాదు. ఈ సంగతి నేను ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చెప్పాల్సిన చోట చెప్పాల్సినవాడు చెప్పలేదు. లిల్లీ తమ్ముడు రూబెన్‌కి సామాన్ల ఆటో ఉంది. జలంత్రకోట తోటలోంచి ఇసుక తెచ్చింది అతనే. కొబ్బరి వేర్లూ పీచూ పోయేదాకా బావతో కలిసి జల్లెడ పట్టింది అతనే. టెక్కలి దగ్గర గ్రానైటు క్వారీ పక్కన పారేసిన నీలం రాళ్ళ గుట్ట ఎక్కి, అన్నిటికంటే పెద్దదాన్ని తన్ని చూసి, "ఇది సూడు బావా, గేదె పడుకున్నట్టు లేదూ?" అని మురిసింది కూడా అతనే. ఆ రాయిని పెరట్లో దింపడానికి బావా బావమరుదులకి ఊపిరి తిరగలేదు.

"ఇంకొంచెం వాల్చు బావా. నిటారుగా ఉంటే సమాధి రాయిలాగుంటాది," అన్నాడు రూబెన్.

వడ్రంగి చేత పళ్ళున్న చెక్క దంతె ఒకటి చేయించారు. దాన్ని చూసి లిల్లీ, "ఏ గుర్రానికి ఈ దువ్వెన?" అంది. అన్నదే గానీ, మర్నాడు సాయంత్రం టీ గ్లాసులు పట్టుకుని తనే పెరట్లోకి వచ్చి గట్టు మీద కూర్చుంది.

అలా మొదలయ్యాయి ఆ సాయంత్రాలు. జీవరత్నం ఫ్యాక్టరీ నుంచి వచ్చి, చేతులకంటిన జీడి వాసన సబ్బుతో కడుక్కుని, దంతె పట్టుకునేవాడు. రాయి చుట్టూ గుండ్రంగా ఒక గీతల వరస, దాని చుట్టూ ఇంకొకటి. వెనక్కి నడుస్తూ గీయాలి, లేకపోతే అడుగులు పడతాయి. పనసాకు ఒకటి రాలితే తీసి మళ్ళీ దువ్వేవాడు. ఆ కాసేపూ అతని మొహం పదేళ్ళు వెనక్కి పోయేది. రూబెన్ కూడా కిరాయిలు లేనప్పుడు వచ్చి పక్కన చతికిలబడేవాడు. మాటలుంటే ఉండేవి, లేకపోతే లేదు.

లిల్లీ చర్చి ఆడవాళ్ళ కూటానికి వెళ్ళిన ఒక సాయంత్రం జీవరత్నం నోరు విప్పాడు.

"ఒరే రూబెన్, ఒక మాట సెప్తాను, నీ కడుపులో ఉంచుకో. మీ అక్కకి కూడా సెప్పలేదు."

"సెప్పు బావా."

"మా తమ్ముడు కిడ్నీలు పాడై సచ్చిపోయిన కాడినుంచి నాకు ప్రార్థన రావట్లేదురా. మోకాళ్ళేస్తాను, నోరు కదుపుతాను. లోపలేటీ లేదు. రోజూ రేత్రి మీ అక్క పక్కన కూకుని ఉత్తినే పెదాలాడిత్తన్నాను."

రూబెన్ దగ్గరికి జరిగాడు.

"ఈ ఇసక దువ్వుతుంటే మాత్రం, ఇన్నాళ్ళకి, ఎవలో వింటన్నట్టుంటాది. ఇంకొన్నాళ్ళు ఇలగే కూకుంటే మాటలు కూడా వత్తాయేమోనని ఆశగుందిరా."

రూబెన్ బావ చెయ్యి పట్టుకున్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు నిజమైనవే, అందులో అబద్ధమేమీ లేదు. అందుకే జీవరత్నం ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాడు.

తర్వాత పక్కింటి బొడ్డమ్మ ఒక పని చేసింది. శుభ్రమైన ఇసుక, చుట్టూ గీతలు, మధ్యలో నల్లగా నీలంగా మెరిసే రాయి కనపడితే ఆవిడకి ఇంకేం అనిపిస్తుంది? ఒక పొద్దున గోడ దగ్గర సందులోంచి వచ్చి పెద్ద రాయికి పసుపు పూసి, బొట్టు పెట్టి, మందారం పెట్టి వెళ్ళింది. సాయంత్రం బావా బావమరుదులు అది చూసి పొట్టలు పట్టుకుని నవ్వారు.

"మేం కిరస్తానీలం బొడ్డమ్మత్తా," అన్నాడు జీవరత్నం రాయి కడుగుతూ.

"ఆ తల్లికి ఆ తేడాలేటి నాయనా?" అంది బొడ్డమ్మ గోడవతల్నుంచి.

నవ్వులాట అక్కడితో అయిపోవలసింది. కానీ కాశీబుగ్గ చిన్న ఊరు. ఆ ఆదివారానికి మాట చర్చికి చేరింది. జీవరత్నం ఇంట్లో రాయికి పసుపు పూస్తున్నారట. రోజూ దాని ముందు కూర్చుంటాడట. రాళ్ళు మోసింది రూబెన్ ఆటోయేనట. రూబెన్‌ని డీకనుగా, అంటే సంఘ పరిచారకుడిగా, ఎన్నుకోవాలని సంఘంలో అనుకుంటున్న రోజులవి. ఆ చివరి "అట" అతని చెవిన పడింది.

వాళ్ళ సంఘంలో శుక్రవారం శుక్రవారం ఒకరింట్లో గృహ ప్రార్థన జరుగుతుంది. ఆ వారం వంతు జీవరత్నం ఇంటిది. ముందుగదిలో చాపలు పరిచారు, లిల్లీ ఉప్మా చేసింది. పాటలయ్యాయి, వాక్యం అయింది. చివర్లో పాస్టరు అయ్యగారు ప్రార్థన మనవులు అడిగారు. ఒకరు మోకాళ్ళ నొప్పి చెప్పారు, ఒకరు కొడుకు పరీక్ష చెప్పారు. మనవి అన్నాక దాన్ని కాదనడానికి లేదు, ఎదురు మాట్లాడ్డానికి లేదు. అందరూ కళ్ళు మూసుకుని ఆమేన్ అనాలి. మామూలు మాటగా అంటే తగువయ్యేది కూడా మనవిగా అంటే పుణ్యమైపోతుంది.

రూబెన్ లేచి నిలబడ్డాడు. కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"మా బావ కోసం ప్రార్థించండి," అన్నాడు. "తమ్ముడు పోయిన కాడినుంచి ప్రార్థన మానేసినాడు. పెదాలే ఆడిత్తన్నాడు. మందిరంలో దొరకనిది ఆ రాళ్ళకాడ దొరుకుతందని నాతోటి సెప్పినాడు. నా గుండె తరుక్కుపోతంది. మా బావని తిరిగి రప్పించమని అడగండి."

గదిలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా గొంతెత్తారు. ఎవరో జీవరత్నం నెత్తి మీద చెయ్యి పెట్టారు. ఇంకొకరు భుజం పట్టుకున్నారు. తన ఇంట్లో, తన చాప మీద, తన ఉప్మా వాసనలో, అతను తల వంచుకుని కూర్చున్నాడు. తప్పు చేసినవాడిలా ఉన్నానని అతనికి తెలుసు. లేచి వెళ్ళిపోతే ఇంకా పెద్ద తప్పు చేసినట్టు. మందిరంలో దొరకనిది అని తను అనలేదు. అన్నదానికి లేనిది అతికించి మరీ అమ్మాడు వెధవ. ప్రార్థన అయ్యాక జీవరత్నం కూడా ఆమేన్ అన్నాడు.

అందరూ వెళ్ళాక లిల్లీ గిన్నెలు తీయలేదు.

"రోజూ నా పక్కన కూకుని ఏటి సేసినారు మరి?" అంది. "నాకు తెలీదు, మా తమ్ముడికి తెలుసు, ఇప్పుడు ఊరందరికీ తెలుసు. నేనెవత్తిని మీకు?"

ఆవిడ కోపం న్యాయమైనదే.

మరుసటి వారం సంఘ పెద్దలూ అయ్యగారూ వచ్చి పెరడు చూశారు. రాళ్ళు తీసేసేదాకా ప్రభువు బల్లలో రొట్టె తీసుకోకుండా ఆగమన్నారు. అయ్యగారు మంచివాడే, మెత్తగానే చెప్పారు. "అసలీ రాళ్ళు ఎవరు మోసుకొచ్చారయ్యా?" అని కూడా అడిగారు.

రూబెన్ అక్కడే ఉన్నాడు, ఆటో తాళాలు వేలికి తిప్పుకుంటూ. జీవరత్నం ఆగాడు. అవతలివాడికి మాట్లాడే వ్యవధి ఇవ్వడానికి ఎంత ఆగాలో అంతా ఆగాడు. తాళాల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

"నా ఇంట్లో ఉన్నాయి కాబట్టి నావే అయ్యగారూ," అన్నాడు చివరికి.

రాళ్ళు తీసేశాడు. బొడ్డమ్మ అడిగి మరీ మోయించుకుని తన పెరట్లో పెట్టుకుంది. ఇప్పుడు వాటికి రోజూ పసుపే. ఉత్త ఇసుకని దువ్వి చూశాడు జీవరత్నం. వినేవాళ్ళెవరూ ఉన్నట్టు అనిపించలేదు. దంతె పట్టుకోగానే ఆ ముందుగదిలోని గొంతులన్నీ చెవుల్లో మోగేవి, నెత్తి మీద ఆ చెయ్యి బరువు తగిలేది. నాలుగు రోజులు చూసి మానేశాడు. లిల్లీ దాని మీద వడియాలు ఎండబెట్టుకోవడం మొదలుపెట్టింది.

నెలలో మొదటి ఆదివారం, ప్రభువు బల్ల రోజు, వచ్చింది. రాళ్ళు పోయాయి కాబట్టి అతనికి ఇక అడ్డు లేదు. రొట్టె పళ్ళెం వరసల వెంట తెచ్చింది కొత్త డీకను రూబెన్. జీవరత్నం దగ్గరికొచ్చి పళ్ళెం కాస్త వంచి, చిన్నగా నవ్వాడు. జీవరత్నం పళ్ళెం అందుకుని, ముట్టకుండా పక్కాయనకి ఇచ్చేశాడు.

ఆరాధన అయ్యాక బయట గేటు దగ్గర రూబెన్ పట్టుకున్నాడు.

"ఏటి బావా, ఎందుకు ముట్నేదు? అందరూ సూసినారు. నా మీద కోపమా? నీ మేలుకే గదా సేసినాను."

"రాళ్ళ గురించి కోపం లేదురా."

"మోసింది నేనని సెప్పలేదని..."

"అదీ కాదు."

"మరేటి? నలుగురి సేతా ప్రార్థన సేయించడం తప్పా?"

జీవరత్నం బండి స్టాండు తీశాడు.

"నాకు ప్రార్థన రావట్లేదన్న మాట నేనింకా దేవుడికి కూడా సెప్పుకోలేదురా. ఆ ఇసక కాడ కూకుని ధైర్యం కూడగట్టుకుంటన్నాను. ముందు నీకు సెప్పినాను. ఆయనకి నువ్వు సెప్పేసినావు."

లిల్లీ వచ్చి వెనక కూర్చుంది. జీవరత్నం బండి స్టార్టు చేశాడు.