ఒరిగిన అంట్లు

అంట్లక్క మామిడి మొక్క తల కోసి, కాండాన్ని నిలువునా చీల్చి, చెక్కిన పుల్లను అందులో దూర్చింది. ప్లాస్టిక్ పట్టీ కొసను పళ్ళతో పట్టుకుని బిగించి చుట్టింది. తర్వాతి కుండీ అందుకుంది. ఇంట్లో అంట్లు తోమడం, నర్సరీలో అంట్లు కట్టడం. పెళ్ళయిన నాటి నుంచీ అదే పని కావడంతో ఆమెకు ఆ పేరే మిగిలింది.

పుల్లలన్నీ షెడ్డు వెనకున్న ముసలి చెట్టువి. ఏడాదికి వేలెడు కూడా ఎదగని చెట్టు. దాని అంట్లు చావవు, అలాగని ఎదగవు. పైగా ఎండ ఎటున్నా అన్నీ ఆ చెట్టు వైపే ఒరుగుతాయి. ఆమె రోజూ పొద్దున్నే కుండీలు తిప్పి పెడుతుంది. సాయంత్రానికి మళ్ళీ అటే. "గాలివాటం" అని యజమాని కొట్టిపారేశాడు.

ఆ మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి మొక్కలన్నీ ఆమె పీట వైపు ఒరిగి ఉన్నాయి. పీటను షెడ్డు రెండో కొసకు జరుపుకుని కూర్చుంది. కాసేపు పని చేసుకుని తలెత్తి చూస్తే, అన్నీ ఇటు తిరిగాయి. ఆకు కదిలిన చప్పుడైనా లేదు.

నీళ్ళు పెడుతున్న ఆడపడుచు చేతిలోంచి పైపు జారిపోయింది.

"వదినా, ఇంటికి పోదాం పద."

"చీల్చినవాటిని ఇలా వదిలేస్తే ఎండిపోవూ? ఈ వరస కానీ."

"అవి నీకేసే చూస్తున్నాయి!"

"చూడనీ. కొరుక్కు తింటాయా ఏంటి?"

నవ్వింది గానీ అంట్లక్క చెంపలు వేడెక్కాయి. భయం కాదు, సిగ్గు. ఇంట్లో ఆమె అడుగుపెడితే మొగుడు టీవీ మీంచి చూపు తిప్పడు. కొడుకు మాట్లాడకుండా ఖాళీ కంచం ముందుకు తోస్తాడు. ఇన్నేళ్ళలో తన కోసం ఒక తల తిరగడం ఇదే మొదలు. చెదిరిన ముంగురులు తలగుడ్డ కిందికి దోపుకుంది.

ఆడపడుచు కుళాయి కట్టేసి వచ్చేలోపు వరస పూర్తయింది. అంట్లక్క గోడకు చేరగిలబడి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. "వదినా" అని భుజం తడితే మెల్లగా మొక్కల వైపు ఒరిగిపోయింది.

కుండీల్లో మాత్రం ఒక్కటీ ఒరిగి లేదు. అన్నీ నిటారుగా నిలబడ్డాయి.

చీకటి పడకముందే ఆమె శవాన్ని గేటు దాటించారు.

కొన్నాళ్ళకు ఆడపడుచు మళ్ళీ పనిలోకి వచ్చింది. మొక్కలన్నీ గేటు వైపు ఒరిగి ఉన్నాయి. వాటిని తిప్పడానికి చేతులు రాలేదు. చివరి కుండీలో, వదిన ఆఖరున కట్టిన అంటు మీద ఎండ తగలకుండా కప్పిన తలగుడ్డ అలాగే ఉంది. తాకి చూసింది. చెమటకు తడిసి, ఇంకా వెచ్చగా ఉంది.